వాదమా, జల్పమా? బడిపిల్లల నీతిచర్చలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఆరు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. హైస్కూలు, ఇంటర్ వయసు పిల్లలు తప్పొప్పుల గురించి, న్యాయాన్యాయాల గురించి తమలో తాము కూర్చుని మాట్లాడుకునే బృందాలను ఎలా ఏర్పరచుకోవాలి, వాటివల్ల లాభమేమిటి, చిక్కులేమిటి అన్నది ఆ విషయం. అందువల్ల మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ ఆరింటికే చోటు ఇస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా తరగతిలో సార్ బయటికి వెళ్ళేటప్పుడు, మాట్లాడేవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయమని క్లాస్ లీడర్‌కు చెబుతారు. పోయిన నెలలో మా లీడర్ అందరి పేర్లూ రాసి, తన ప్రాణస్నేహితురాలి పేరు మాత్రం వదిలేసింది. అది తప్పా, కాదా అని మేము ఐదుగురం మధ్యాహ్న భోజనం దగ్గర మొదలుపెట్టి వారం రోజులు మాట్లాడుకున్నాము. ఇలాంటి విషయాలు ప్రతివారం మాట్లాడుకోవడానికి ఒక బృందంగా ఏర్పడాలని ఉంది. పేరేమి పెట్టాలి, అధ్యక్షురాలిగా ఎవరిని ఎన్నుకోవాలి, ఏ పుస్తకం చదవాలి?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, తెనాలి

జవాబు: అమ్మాయీ, నువ్వు అడిగిన మూడింటిలో ఏదీ ఇప్పుడే అవసరం లేదు. పేరు, పదవి, పుస్తకం అనేవి బృందం నాలుగు వారాలు నడిచాక చూసుకోవచ్చు. వాటితో మొదలైన సంఘాలు చాలావరకు బ్యానరు కట్టిన రోజుతోనే ఆగిపోవడం నేను చూశాను. మీకు కావలసింది ఇప్పటికే మీ దగ్గర ఉంది. అది బోర్డు మీద రాయకుండా వదిలేసిన ఆ పేరు.

ఆ ఒక్క సంఘటనలో ఎన్ని ప్రశ్నలు దాగి ఉన్నాయో చూడు. సార్ అప్పగించిన పనిని పక్షపాతం లేకుండా చేయడం లీడర్ బాధ్యత అయితే, స్నేహితురాలి పట్ల ఆమెకు ఉన్న బాధ్యత ఏమైనట్టు? స్నేహమంటేనే కొంత పక్షపాతం కదా, అందరితో సమానంగా చూసే మనిషిని ప్రాణస్నేహితురాలు అని ఎందుకు అంటాము? ఆమె చేసిన తప్పు ఒక పేరు వదిలేయడమా, లేక మిగిలిన పేర్లు రాయడమా? ఎవరి పేరూ రాయకుండా ఖాళీ బోర్డు చూపించి ఉంటే అది న్యాయమా, సార్‌ను మోసగించడమా? ఇంకొంచెం లోపలికి వెళితే, ఒక పిల్లను తోటిపిల్లల మీద కాపలా పెట్టడం అసలు సబబేనా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఈ చివరి ప్రశ్న దాకా మీరు వచ్చారో లేదో ఉత్తరంలో రాయలేదు. వచ్చి ఉంటే మీరు చేస్తున్నది తత్త్వవిచారమే, దానికి వేరే అర్హత ఏదీ అక్కరలేదు.

ఇక నడిపే పద్ధతి విషయంలో, అమెరికాలో మాథ్యూ లిప్‌మన్ అనే తత్త్వశాస్త్ర అధ్యాపకుడు చేసిన పని మీకు ఉపయోగపడుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో తర్కం బోధించిన ఆయన, ఆలోచించే అలవాటు నేర్పడానికి కాలేజీ వయసు దాకా ఆగితే ఆలస్యమైపోతుందని భావించి, 1974లో న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్ స్టేట్ కాలేజీలో బాలల తత్త్వశాస్త్రం కోసం ప్రత్యేకంగా ఒక సంస్థను స్థాపించాడు. ఆన్ మార్గరెట్ షార్ప్ ఆయనతో కలిసి ఆ పనిని ముందుకు తీసుకువెళ్ళింది. వారి పద్ధతిలో పిల్లలు గుండ్రంగా కూర్చుని, పిల్లలే పాత్రలుగా ఉన్న ఒక చిన్న కథను తలా కొంచెం పైకి చదువుతారు. విన్నాక ఎవరికి ఏ ప్రశ్న తోస్తే దానిని, అడిగినవారి పేరుతో సహా, బోర్డు మీద రాస్తారు. వాటిలో దేనిని చర్చించాలో పిల్లలే ఎంచుకుంటారు. మీ తరగతిలో బోర్డు మీద పేరు పడితే శిక్ష, అక్కడ పేరు పడితే గౌరవం. ఈ తేడా ఒక్కటే ఒక వారం చర్చకు సరిపోతుందని నాకు అనిపిస్తుంది.

అధ్యక్షురాలికి బదులు ప్రతివారం ఒకరు చర్చను నడపండి. నడిపేవారు ఆ రోజు తమ అభిప్రాయం చెప్పకుండా, "నువ్వన్నది మళ్ళీ ఒకసారి చెప్పు", "దానికి కారణమేమిటి", "ఇది ప్రతి సందర్భానికీ వర్తిస్తుందా, వర్తించని సందర్భం ఒకటి ఎవరైనా చెప్పగలరా" అని మాత్రమే అడగాలి. ఇంకొకరు నోటుపుస్తకంలో ప్రశ్నలను, వచ్చిన వాదాలను, ఎవరు ఎక్కడ అభిప్రాయం మార్చుకున్నారన్న దానిని రాయాలి. ఒకరి మాటకు జవాబు చెప్పేముందు ఆ మాటను వారు ఒప్పుకునేలా తిరిగి చెప్పగలగాలి అన్న నియమం ఒక్కటి పెట్టుకుంటే చాలా తగాదాలు పుట్టకముందే ఆగిపోతాయి. సంఖ్య పదిహేను దాటితే రెండు గుంపులుగా విడిపోండి, అంతకు మించితే సగంమంది ప్రేక్షకులవుతారు. మాటలు ఆగిపోయి రెండు నిమిషాలు నిశ్శబ్దం వస్తే కంగారుపడి ఎవరూ దానిని పూరించవద్దు, సాధారణంగా మంచి ప్రశ్న ఆ తరువాతే వస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. ఆ లీడర్ అమ్మాయి కూడా మీ తరగతిలోనే ఉంటుంది. ఆమె పేరెత్తకుండా, "ఒక లీడర్" అని మాట్లాడండి. వీలైతే ఆమెను కూడా పిలవండి, కాని సంజాయిషీ అడగడానికి కాదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. కాలేజీలో నలుగురు స్నేహితులతో కలిసి నీతి, తత్త్వం అంటూ ఆదివారాలు చర్చలు పెట్టుకుంటున్నాడు. ఎప్‌సెట్‌కు ఇది ఏ విధంగా పనికొస్తుంది? పైగా ఇంట్లో ఏ మాట చెప్పినా "ఎందుకు?" అని వితండవాదం మొదలుపెడుతున్నాడు.
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ఎప్‌సెట్‌కు పనికిరాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఇలాంటి కార్యక్రమాలను నడిపేవారు కొందరు ర్యాంకు ఆశ చూపి తల్లిదండ్రులను ఒప్పించాలని చూస్తారు. ఇంగ్లండులో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ 48 ప్రాథమిక పాఠశాలల్లో, పైన తెనాలి అమ్మాయికి చెప్పిన బాలల తత్త్వశాస్త్ర పద్ధతిని పరీక్షించి, చర్చల్లో పాల్గొన్న పిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ సుమారు రెండు నెలల చదువుకు సమానమైన మెరుగుదల చూపారని 2015లో ప్రకటించింది. అయితే అదే సంస్థ తరువాత ఇంకా ఎక్కువ బడులతో చేయించిన మరో పరీక్షలో చదివే సామర్థ్యం పెరిగినట్లు ఆధారం కనబడలేదు. మొదటి ఫలితాన్ని చెప్పి రెండోదానిని దాచేవారిని నమ్మకండి. నీతి గురించి మాట్లాడేవారే లెక్క దాచడం మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది.

మార్కులు పెంచకపోతే ఇది వృథా అనుకోనక్కరలేదు. ఫ్రాన్సులో బడిచదువు చివరి ఏడాదిలో, జనరల్ శాఖలో చదివే విద్యార్థులందరూ, సైన్సు చదివేవారితో సహా, తత్త్వశాస్త్రం చదివి నాలుగు గంటల పరీక్ష రాయాలి. ఇంజనీరు కాబోయే పిల్లవాడు కూడా స్వేచ్ఛ అంటే ఏమిటి, న్యాయమంటే ఏమిటి అని ఒకసారైనా పొడుగాటి వ్యాసం రాసి బయటికి రావాలని ఆ దేశం అనుకుంటుంది. మీ అబ్బాయికి అక్కడిలా టైంటేబుల్లో చోటు లేదు కనుక ఆదివారం వెతుక్కున్నాడు. వారానికి ఒక గంట ఎంపీసీకి అడ్డువచ్చేంత సమయమేమీ కాదు. మూడు గంటలైతే మాత్రం మీరు మాట్లాడండి.

వితండవాదం అన్నారు కనుక ఆ మాట గురించి ఒక సంగతి చెబుతాను. మన ప్రాచీన తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలుగా విడదీశాయి. నిజం తెలుసుకోవడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం. ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టుకోకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. మన ఇళ్ళల్లో పిల్లలు "ఎందుకు" అనగానే వితండవాదం అనేస్తాము గాని, కారణం అడగడం వితండ కాదు. తన పక్షమేమిటో చెప్పకుండా తప్పించుకోవడం వితండ. కాబట్టి ఈసారి అబ్బాయి "ఎందుకు" అన్నప్పుడు మీ కారణం చెప్పి, "నీ మాట ఏమిటి, దానికి నీ కారణమేమిటి" అని ఎదురు అడగండి. అతను చెప్పగలిగితే మీ ఇంట్లో జరుగుతున్నది వాదం. చెప్పలేకపోతే ఆదివారం బృందంలో అతను నేర్చుకోవలసింది ఇంకా మిగిలి ఉందన్నమాట, పంపించండి. ఒకవేళ మీ దగ్గరే కారణం లేకపోతే ఆ సంగతి కూడా ఒప్పుకోవచ్చు, తండ్రి గౌరవం అంత తేలికగా పోదు.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. పిల్లలతో నీతిచర్చ నడుపుతానంటే, ప్రధానోపాధ్యాయులు "మంచిదే, నెలకు ఒకరిని పిలిచి నీతికథలు చెప్పిద్దాం" అన్నారు. నాకు కావలసింది అది కాదు. అయితే కులం, మతం వంటి విషయాలు వచ్చినప్పుడు ఏం చేయాలో, నా అభిప్రాయం చెప్పవచ్చో లేదో తెలియడం లేదు.
– ఒక ఉపాధ్యాయురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: టీచర్ గారూ, మీ ప్రధానోపాధ్యాయులను ఒప్పించడానికి ముందు ఒక ఆధారం. జాతీయ విద్యావిధానం 2020లోని 4.28 పేరా, పిల్లలకు చిన్నప్పుడే మంచి చేయడం ప్రాధాన్యాన్ని నేర్పడంతో పాటు, నైతిక నిర్ణయాలు తీసుకోవడానికి తార్కికమైన ఒక పద్ధతిని అందించాలని, పై తరగతుల్లో కాపీ కొట్టడం, హింస, సహనం, సమానత్వం వంటి అంశాలకు దానిని విస్తరించాలని చెబుతుంది. రాజ్యాంగంలోని 51ఎ అధికరణం, 1976లో చేర్చిన ప్రాథమిక విధులలో, శాస్త్రీయ దృక్పథాన్నీ మానవతావాదాన్నీ విచారణాశీలతనూ పెంపొందించుకోవడాన్ని ప్రతి పౌరుడి విధిగా పేర్కొన్నది. కథ చెప్పి "దీనివల్ల తెలుసుకున్న నీతి ఏమిటి?" అని అడిగితే పిల్లలు మనకు నచ్చే జవాబే చెబుతారు, విచారణ అక్కడ మొదలవదు. ఆ నీతికథలను మానేయనక్కరలేదు. అతిథి కథ చెప్పి వెళ్ళాక, ఆ కథలో శిక్ష పడ్డ పాత్ర తరఫున మాట్లాడమని పిల్లలను అడగండి. ఇద్దరి మాటా నెగ్గుతుంది.

రెండో సంగతి కష్టమైనది. అన్ని ప్రశ్నలూ ఒకే రకం కావు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం నిషేధించింది. మనిషిని పుట్టుకను బట్టి తక్కువ చేయవచ్చా అన్న దానిని "ఇటు ఐదుగురు, అటు ఐదుగురు" అని తరగతిలో చర్చకు పెట్టకూడదు. అలా పెడితే గుండ్రంగా కూర్చున్న పిల్లలలో కొందరు తమ మనిషితనాన్ని తామే రుజువు చేసుకోవలసిన స్థితిలో పడతారు, అది చర్చ కాదు. కాని దాని పక్కనే నిజంగా తేలని ప్రశ్నలు చాలా ఉన్నాయి. అవమానాన్ని చూసి ఊరుకున్నవాడికి ఎంత బాధ్యత ఉంది? తాత చేసిన అన్యాయానికి మనవడు ఏమైనా బాకీ ఉంటాడా? ఇంట్లోవాళ్ళు వద్దన్న స్నేహాన్ని బడిలో కొనసాగించడం అవిధేయత అవుతుందా? మతం విషయంలోనూ అంతే. ఏ దేవుడు నిజం అన్న దానికి మీ పీరియడ్ సరిపోదు. ఒకరి పండుగ శబ్దం ఇంకొకరి పరీక్షకు అడ్డువచ్చినప్పుడు ఏది న్యాయం అన్నది మాత్రం పదో తరగతి పిల్లలు చక్కగా విచారించగల ప్రశ్న. మరొకటి, "మీ కులంలో ఎలా ఉంటుందో నువ్వు చెప్పు" అని ఏ పిల్లవాడినీ ఎప్పుడూ అడగవద్దు. తనంతట తాను చెబితే వినండి.

ఎవరైనా నొప్పించే మాట అంటే, వెంటనే మందలిస్తే ఆ అభిప్రాయం పోదు, లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే నొచ్చుకున్న బిడ్డకు ద్రోహం. చర్చ ఆపి, "ఈ మాట ఇక్కడ ఉన్నవారిలో ఎవరికి తగులుతుంది?" అని, ఆ మాట అన్న పిల్లవాడినే ఆలోచించమనండి. క్షమాపణ అప్పటికప్పుడు రాబట్టకండి. బెదిరించి చెప్పించిన క్షమాపణకు విలువ ఉందా అన్నది ఇంకో వారం మంచి ప్రశ్న అవుతుంది.

మీ అభిప్రాయం విషయంలో జర్మనీ తత్త్వవేత్త లియొనార్డ్ నెల్సన్ చాలా కఠినంగా ఉండేవాడు. 1922లో గొట్టింగెన్‌లో చేసిన ప్రసంగంలో ఆయన, చర్చ నడిపే గురువు తన తీర్పును అసలు బయటపెట్టకూడదని, విద్యార్థులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ తమ కాళ్ళ మీద తాము నిలబడాలని వాదించాడు. నేను అంత దూరం వెళ్ళను. మన బడుల్లో టీచర్ ముఖం చూసి జవాబు చెప్పే అలవాటు గట్టిది కనుక మొదటి రెండు నెలలు నెల్సన్ మాటే పాటించండి. ఆ తరువాత, చర్చ ముగిశాక పిల్లలు అడిగితే, "నేను ఇలా అనుకుంటున్నాను, నా వాదంలో బలహీనత ఇక్కడ ఉంది" అని చెప్పవచ్చు. బలహీనతను చెప్పకుండా అభిప్రాయం మాత్రం చెబితే అది మళ్ళీ పాఠమే.

ఒక్క విషయంలో తాత్సారం వద్దు. చర్చలో ఏ బిడ్డయినా తనకు జరుగుతున్న హింసనో వేధింపునో బయటపెడితే, బృందంలో మాట్లాడింది బయటికి పోకూడదన్న నియమం దానికి వర్తించదు. ఈ మాట మొదటి రోజే పిల్లలకు చెప్పండి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద రాసి ఉంచండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ హైస్కూల్లో ఎథిక్స్ బౌల్ అనే నీతిచర్చల పోటీ జట్టులో చేరింది. డిబేట్ అనుకుని వెళ్ళాను గాని, రెండు జట్లూ ఒకే అభిప్రాయం చెబుతున్నా పోటీ సాగుతూనే ఉంది. ఇది ఏం పోటీ? గుంటూరులో మా అన్నయ్యగారి పిల్లలు కూడా చేయగలరా?
– ఒక తల్లి, నార్త్ కరోలినా, అమెరికా

జవాబు: మీరు సరిగ్గా దాని ప్రత్యేకతనే పట్టుకున్నారు. 1993లో చికాగోలోని ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రాబర్ట్ లేడెన్‌సన్ అనే ఆచార్యుడు కాలేజీ విద్యార్థుల కోసం దీనిని రూపొందించాడు. హైస్కూళ్ళకు సంబంధించిన జాతీయ పోటీని మీ రాష్ట్రంలోనే, చాపెల్ హిల్ విశ్వవిద్యాలయంలోని పార్ సెంటర్ అనే నీతిశాస్త్ర కేంద్రం నిర్వహిస్తోంది. 2013 నుంచి దేశం నలుమూలల ప్రాంతీయ పోటీల్లో నెగ్గిన జట్లు అక్కడికి వస్తున్నాయి.

చర్చించవలసిన సందర్భాలను విద్యాసంవత్సరం మొదట్లోనే ఇస్తారు. పోటీరోజున ముందే రాసుకున్న కాగితాలు తేకూడదు. ఒక జట్టు తన అభిప్రాయాన్ని కారణాలతో వివరిస్తుంది, రెండో జట్టు దానిమీద వ్యాఖ్యానిస్తుంది, మొదటి జట్టు జవాబు చెబుతుంది, ఆపైన న్యాయనిర్ణేతలు ప్రశ్నలు వేస్తారు. తరువాతి సందర్భానికి పాత్రలు తారుమారవుతాయి. డిబేట్‌లో లాగా "నువ్వు అనుకూలం, నువ్వు ప్రతికూలం" అని ఎవరూ పంచిపెట్టరు. తాము నిజంగా నమ్మినదే చెప్పాలి, ఎదుటి జట్టు కూడా అదే నమ్మితే ఒప్పుకుని, వారి కారణాలలో లోపం ఎక్కడుందో, వారు ఎవరి కష్టాన్ని మరిచిపోయారో చూపించాలి. మర్యాదగా, విచారణాబుద్ధితో మాట్లాడినందుకు విడిగా మార్కులు ఉంటాయి. పై జవాబులో చెప్పిన న్యాయసూత్రాల భాషలో చెప్పాలంటే మన బడుల్లోని వక్తృత్వపు పోటీ, డిబేట్ రెండూ జల్పానికి దగ్గర. ఇది వాదానికి దగ్గర, అయితే కప్పు ఉంది కనుక పూర్తిగా వాదమని నేను అనను. కప్పు ఎప్పుడూ పిల్లలను కొంత జల్పం వైపు లాగుతుంది.

గుంటూరు పిల్లలు తప్పకుండా చేయగలరు, దీనికి రెండు బెంచీలు, ముగ్గురు పెద్దమనుషులు చాలు. సందర్భాలను మాత్రం అమెరికా నుంచి తెచ్చుకోవద్దు. పరీక్షకు ముందురోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో ప్రశ్నపత్రం వచ్చింది, అది అసలుదో నకిలీదో తెలియదు, తెరిచి చూసినవాడి తప్పెంత, చూసి చెప్పకుండా ఊరుకున్నవాడి తప్పెంత? ఇంట్లో ఫోన్ ఉన్న పిల్లవాడు ప్రాజెక్టును చాట్‌జీపీటీతో రాయించి పది మార్కులు తెచ్చుకున్నాడు, ఫోన్ లేని పిల్ల సొంతంగా రాసి ఆరు తెచ్చుకుంది, టీచర్ ఏం చేయాలి? ర్యాంకును బట్టి సెక్షన్లు విడదీసి, మంచి అధ్యాపకులను మొదటి సెక్షనుకే పంపడం న్యాయమా? ఈ మూడింటితో ఒక పూట గడిచిపోతుంది.

ప్రశ్న: తత్త్వశాస్త్రానికి కూడా ఒలింపియాడ్ ఉందట, నిజమేనా? తెలుగులో రాయవచ్చా?
– ఇంటర్ ద్వితీయ సంవత్సరం విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఉంది. 1993లో బల్గేరియాలోని స్మోల్యాన్‌లో మొదలైంది, హైస్కూలు విద్యార్థులకే పరిమితం, భారతదేశం నుంచి కూడా విద్యార్థులు వెళ్ళారు. నాలుగు ఉల్లేఖనాలు ఇస్తారు, ఒకటి ఎంచుకుని నాలుగు గంటల్లో వ్యాసం రాయాలి. తెలుగులో రాయడం కుదరదు. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ భాషలలో తన మాతృభాష కానిదాన్ని ఎంచుకోవాలన్నది నియమం. విషయాన్ని అంటిపెట్టుకోవడం, తాత్త్వికమైన అవగాహన, వాదబలం, పొందిక, సొంత ఆలోచన అనే ఐదింటిని చూస్తారు. పేర్లూ తేదీలూ బట్టీపట్టినందుకు మార్కులు రావు. ఇది ఒంటరిగా రాసే పరీక్షే గాని, స్నేహితుల మధ్య నలిగిన వాదానికీ గదిలో కూర్చుని అల్లుకున్న వాదానికీ తేడా వ్యాసంలో కనబడుతుంది. మొదటి ముసాయిదాను తెలుగులోనే మాట్లాడుకుని చూడండి.

ప్రశ్న: అన్నీ పరాయిదేశాల పేర్లే వినిపిస్తున్నాయి. మన పిల్లలకు మన సాహిత్యంలో నీతిచర్చకు సరుకు లేదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కావలసినంత ఉంది, అయితే మనం దానిని పద్యంగా అప్పజెప్పించుకుని వదిలేస్తున్నాము. ఒక్క ఉదాహరణ విస్తరించి చెబుతాను. పోతన భాగవతంలోని వామన చరిత్రలో కొంత భాగాన్ని తెలంగాణలో చాలామంది పిల్లలు పదో తరగతిలో 'దానశీలము' అనే పాఠంగా చదివారు. వచ్చినవాడు మామూలు వడుగు కాదని గ్రహించిన శుక్రాచార్యుడు, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమని బలికి చెబుతూ, ఆడవారి విషయంలో, పెళ్ళి సందర్భంలో, ప్రాణానికీ ధనానికీ మానానికీ భంగం కలిగినప్పుడు, భయపడిన గోవులనూ బ్రాహ్మణులనూ కాపాడవలసినప్పుడు "బొంకవచ్చు నఘము పొందదధిప" అంటాడు. అంటే ఈ సందర్భాలలో అబద్ధమాడవచ్చు, పాపం అంటదు అని. బలి వినడు, ఆడిన మాట తప్పనంటాడు. మనం బలిని మెచ్చుకుని పరీక్షలో నాలుగు మార్కులు వేసి ముందుకు వెళతాము.

ఇప్పుడు దీని పక్కన మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పిన కౌశికుడి కథ పెట్టండి. ఎన్నడూ అబద్ధమాడనని వ్రతం పట్టిన ఆ బ్రాహ్మణుడు, దొంగలకు భయపడి అడవిలోకి పారిపోయిన మనుషుల జాడ దొంగలు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. దొంగలు వాళ్ళను చంపారు, కౌశికుడు నరకానికి పోయాడు. బలి కూడా మాట తప్పలేదు, కౌశికుడూ తప్పలేదు. ఒకరు కీర్తి పొందితే ఇంకొకరు నరకం ఎందుకు పొందారు? ఇది పిల్లలను అడిగి ఊరుకోండి. చాలాసేపటికి ఎవరో ఒకరు, బలి సత్యానికి మూల్యం బలే చెల్లించాడు, కౌశికుడి సత్యానికి మూల్యం వేరేవాళ్ళు చెల్లించారు అంటారు. అప్పుడు, పరాయి పేరని మీరు చిన్నబుచ్చుకోకపోతే, జర్మన్ తత్త్వవేత్త ఇమ్మానుయేల్ కాంట్‌ను తీసుకురండి. ఆయన 1797లో రాసిన వ్యాసంలో, హంతకుడు తలుపు దగ్గర నిలబడి స్నేహితుడు లోపల ఉన్నాడా అని అడిగినా అబద్ధమాడకూడదన్నాడు. కాంట్ మాట ప్రకారం కౌశికుడు తప్పు చేయలేదు. కృష్ణుడి మాట ప్రకారం ఘోరమైన తప్పు చేశాడు. ఇక్కడ ఎవరిది మన దేశం, ఎవరిది పరాయి దేశం అన్న దానితో పని లేదు, ఎవరి కారణం నిలుస్తుందన్నదే చూడాలి.

శుక్రుడి జాబితాను కూడా పిల్లలు విడిచిపెట్టకూడదు. ఆడవారితో అబద్ధమాడవచ్చు అన్న మాటను తరగతిలోని ఆడపిల్లలు ఒప్పుకుంటారా? ప్రాణాన్నీ ధనాన్నీ ఒకే గాటన కట్టవచ్చా? ఆ జాబితాను ఈనాడు మళ్ళీ రాయమంటే ఏవి కొట్టివేస్తారు, ఏవి చేరుస్తారు? ఇది అగౌరవమని ఎవరైనా అంటే, కావ్యంలో స్వయంగా బలే గురువు మాటను విచారించి కాదన్నాడని గుర్తుచేయండి. చివరగా పిల్లల బతుకులోకి దిగండి. స్నేహితుడు సినిమాకు వెళ్ళాడు, వాళ్ళ నాన్నగారు ఫోన్ చేసి "మావాడు మీ ఇంట్లో కంబైన్డ్ స్టడీకి వచ్చాడా బాబూ?" అని అడిగారు. బొంకవచ్చునా? ఈ ప్రశ్నకు పదిహేనేళ్ళ పిల్లలు ఇచ్చే జవాబులు వింటే, పద్యం ఇన్నాళ్ళూ వాళ్ళ నోటిలోనే ఉండి లోపలికి ఎందుకు దిగలేదో మనకు తెలుస్తుంది.

ఇదే ఉత్తరం చివర ఈ పాఠకుడు, తమ ఊరి బడిలో ఇలాంటి బృందమొకటి ఏడాది నడిచి ఆగిపోయిందని, కారణం తెలియలేదని రాశారు. చాలా బృందాలు మార్చిలో ఆగిపోతాయి. నడిపించేవారు పదో తరగతి వాళ్ళు, పరీక్షలు రాసి వెళ్ళిపోతారు, వెనుక ఎవరూ ఉండరు. అందుకని డిసెంబరు నుంచే ఎనిమిదో తరగతి పిల్లల చేత నెలకు రెండు చర్చలు నడిపించాలి, పెద్దవాళ్ళు ఆ రోజు కేవలం పాల్గొనాలి. వెళ్ళిపోయేటప్పుడు చర్చల నోటుపుస్తకాన్ని టీచర్‌కు కాకుండా ఆ ఎనిమిదో తరగతి వాళ్ళకే ఇచ్చి, తాము తేల్చలేకపోయిన ప్రశ్నలను చివరి పేజీలో రాసి వెళ్ళాలి. జూన్‌లో బడి తెరిచాక మొదటి చర్చ ఆ పేజీ నుంచే మొదలుపెట్టవచ్చు.